ముందు బాగా ఆగాలి: వరంగల్ రోడ్ల మీద స్పోర్ట్స్ సెడాన్ పెంచుకునే పద్ధతి

నేను కాజీపేటలో రైలు ఇంజిన్లు బాగుచేసే డీజిల్ లోకో షెడ్‌లో టెక్నీషియన్‌ని. పొద్దంతా 16 సిలిండర్ల ఇంజిన్లతో పని. సాయంత్రం ఇంటికొస్తే నా చేతికి దొరికేది నాలుగు సిలిండర్ల చిన్న టర్బో ఇంజిన్. స్కోడా స్లావియా 1.5 టీఎస్ఐ, 2022 మోడల్, ఆరు గేర్ల మాన్యువల్. 2024లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 150 పీఎస్ పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ఆ టార్క్ మొత్తం 1600 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) నుంచే అందుతుంది. అందుకే స్టేషన్ ఘన్‌పూర్ దాటాక రోడ్డు ఖాళీగా దొరికితే మూడో గేర్‌లో బండి లాగే తీరుకి ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

కాలనీ పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అన్నా, రీమ్యాప్‌కి ఎంతవుతుంది?" ఇంజిన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్చి పవర్ పెంచడమే రీమ్యాప్. ఆ ప్రశ్నకి నా జవాబు కూడా ఒకటే. "ముందు నీ టైరు చూపించు తమ్మీ." మన దగ్గర కారుకి ఏ మార్పు పనికొస్తుందో చెప్పేది మన రోడ్డే. టైరు, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), బ్రేకు, సస్పెన్షన్, ఆ తర్వాతే ఇంజిన్. నేను ఈ వరుస ఒకసారి తప్పాను, దాని ఫలితం కూడా చూశాను.

కొనే రోజు

సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి పొద్దున్నే వెళ్ళండి. నేను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ఓనర్‌కి ముందురోజే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారేమోనని అనుమానించాల్సిందే. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయిన మొదటి పది సెకన్లలో వచ్చే చప్పుడు, పొగ ఆ తర్వాత గంటసేపు నడిపినా కనిపించవు.

స్పోర్ట్స్ సెడాన్‌లో ఇంకొకటి కూడా చూడాలి. పాత ఓనర్ మార్పులు చేయించి, అమ్మే ముందు విప్పేసి ఉండవచ్చు. ఇంజిన్ బేలో బోల్టు తలలు గమనించండి. కంపెనీలో బిగించిన చాలా బోల్టుల మీద చిన్న పెయింటు గీత ఉంటుంది. ఆ గీత తెగిపోయినా, తల అంచులు పానా జారి అరిగినా అక్కడ ఎవరో చెయ్యి పెట్టారని అర్థం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, టర్బో పైపుల క్లిప్పులు, ఎగ్జాస్ట్ జాయింట్లు, ఈ మూడు చోట్లా తప్పకుండా చూడండి. తర్వాత పాత చాప పరిచి బండి కింద పడుకుని ఆయిల్ సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అడుగు చూడండి. మన ఊళ్ళ స్పీడ్ బ్రేకర్లు అక్కడ గీతలు రాసి పెడతాయి.

ఆర్‌సీ, ఇన్సూరెన్స్, లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ సంగతి మీకు తెలిసిందే.

టైరు దగ్గర మొదలుపెట్టండి

బండి ఇంటికి తెచ్చాక పైసా ఖర్చు లేకుండా చేయగలిగే మొదటి పని ఇది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, ముందు టైరు మీద అరచెయ్యి పెట్టండి. లోపలి అంచు నుంచి బయటి అంచుకి ఒకసారి మెల్లగా రాయండి. మళ్ళీ బయటి నుంచి లోపలికి రాయండి. ఒకవైపు రాసినప్పుడు పిల్లి వీపు నిమిరినట్టు నున్నగా ఉండి, తిరిగి వచ్చేటప్పుడు రంపం పళ్ళలా తగిలితే టో తప్పినట్టే, అంటే చక్రం తిన్నగా ముందుకి చూడటం లేదు. కంటికి టైరు కొత్తదానిలా కనిపిస్తున్నా చెయ్యి మాత్రం అబద్ధం చెప్పదు. నా బండిలో ఎడమ ముందు టైరు అలాగే తగిలింది. అలైన్‌మెంట్ చేయించాక గంటకు 80 దగ్గర స్టీరింగ్‌లో ఉన్న చిన్న లాగుడు పోయింది. అప్పటిదాకా ఈ కారు తీరే అంత అనుకున్నాను.

అలైన్‌మెంట్‌కి వెళ్ళినప్పుడు "అయిపోయింది సార్" అన్న మాటతో సరిపెట్టుకోకండి. ముందు, తర్వాత కొలతల కాగితం అడిగి తీసుకోండి. ఆ కాగితం దాచుకుంటే ఆరు నెలల తర్వాత ఏ చక్రం ఎంత జరిగిందో తెలుస్తుంది.

టైరు గోడ మీద వారం, సంవత్సరం తెలిపే నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడులు ఎంత లోతుగా ఉన్నా సరే, ఐదారేళ్ళు దాటిన టైరుని నేను నమ్మను. మన ఎండకి రబ్బరు గట్టిపడిపోతుంది. గోరు నొక్కి చూస్తే తేడా తెలుస్తుంది.

ఇక 17 అంగుళాల అల్లాయ్‌ల సంగతి. అందంగా ఉంటాయి, కాదనను. కానీ లెక్క చూడండి. నా బండి సైజు 205/55 ఆర్16. 205 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 16 అంటే అంగుళాల్లో రిమ్ము. టైరు గోడ ఎత్తు 205లో 55 శాతం, అంటే సుమారు 113 మిల్లీమీటర్లు. 205/50 ఆర్17 వేస్తే అది 102.5కి దిగుతుంది. రిమ్ముకీ గుంతకీ మధ్య పది మిల్లీమీటర్ల రబ్బరు తగ్గిపోయినట్టు. పరకాల, భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు తిరిగే దారిలో ఒక వానాకాలం గడిపిన వాళ్ళకి ఆ పది మిల్లీమీటర్ల విలువ తెలుసు. టైరు గోడ ఉబ్బడం, రిమ్ము వంగడం రెండూ అక్కడే జరుగుతాయి. నేను 16 అంగుళాలే ఉంచి, అదే సైజులో తడి రోడ్డు మీద పట్టు ఎక్కువ ఉన్న మెత్తటి టైర్లు వేయించాను. ఈ బండికి నేను పెట్టిన ఖర్చుల్లో బాగా పనికొచ్చింది ఇదే.

గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడే చూడండి. ఎంత ఉండాలో బండి మీదే స్టిక్కర్ ఉంటుంది. బంకు దాకా రెండు కిలోమీటర్లు నడిపి వెళ్తే రీడింగ్ పెరుగుతుంది. అందుకే ఇంట్లో ఒక గేజీ, చిన్న పంపు పెట్టుకోండి.

వడ్ల మీద నేర్చుకున్న పాఠం

బండి కొన్న ఏడాది నవంబర్‌లో, రాత్రి ఎనిమిదిన్నరకి హుజూరాబాద్ నుంచి వస్తున్నాను. అప్పటికి టైర్లు మార్చలేదు, ఆ డబ్బు ఎగ్జాస్ట్‌కి దాచుకుంటున్నాను. ఒక పల్లె దాటగానే ఎడమవైపు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. చుట్టూ రాళ్ళు, పైన సగం దాకా కప్పిన పట్టా. ఎదురుగా ట్రాక్టర్ లైట్లు. నా వేగం 60 దాకా ఉంది. బ్రేకు నొక్కాను. ఎడమ చక్రాలు వడ్ల మీదికి ఎక్కాయి. కాలి కింద పెడల్ గడగడ కొట్టుకుంది, అది బ్రేకు నొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్. కానీ బండి ఆగుతున్న జాడ లేదు. స్టీరింగ్ కుడికి తిప్పాను, ముక్కు తిరగలేదు. వడ్ల గింజలు చక్రాల కింద బాల్ బేరింగుల్లా దొర్లుతున్నాయి. రాయికి అర గజం దూరంలో ఆగింది.

పట్టా పక్కన ముసలాయన ఒకరు లేచి నిలబడి ఉన్నారు, రాత్రంతా వడ్లకి కాపలా ఉండే మనిషి. నేను బండి దిగేసరికి నా చేతులు వణుకుతున్నాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, నీళ్ళ సీసా ఇచ్చారు. ఆయన పంట ఆరాలి, కల్లంలో చోటు చాలదు. ఆ రాత్రి ఎగ్జాస్ట్ ఆలోచన మానేశాను.

వానాకాలం పంటకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, యాసంగికి ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాల్లో పల్లె దగ్గరికి రాగానే ముందే వేగం తగ్గించండి. తప్పనిసరిగా వడ్ల మీదికి ఎక్కాల్సి వస్తే బ్రేకింగ్ అంతా వాటికి ముందే అయిపోవాలి. ఎక్కాక స్టీరింగ్ తిన్నగా ఉంచి, యాక్సిలరేటర్ మీద కాలు తీసి, అలాగే దాటిపోనివ్వండి. ఇంటికొచ్చాక చక్రాల తొట్టెల్లో, ఇంజిన్ కింది ప్లేట్‌లో చిక్కుకున్న గడ్డి తీసేయండి. వేడి ఎగ్జాస్ట్‌కి ఎండు గడ్డి తగిలితే ప్రమాదం.

బ్రేకులు

బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. నీళ్ళు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకి పడిపోవచ్చు. మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ స్పాంజిలా లోపలికి పోతుంది. నా స్లావియాకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఐదుగురితో, డిక్కీ నిండా సామానుతో మేడారం వెళ్ళి వచ్చేటప్పుడు పని అంతా ముందు డిస్కుల మీదే పడుతుంది. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్పించండి. సెకండ్ హ్యాండ్ బండి అయితే చేతికి రాగానే మార్పించండి. ఖర్చు తక్కువ, పెడల్ గట్టితనంలో తేడా అదే రోజు తెలుస్తుంది.

తర్వాత ముందు ప్యాడ్లు. రోడ్డుకి సరిపడే స్పోర్ట్ రకం తీసుకోండి. రేస్ ట్రాక్ ప్యాడ్లు వద్దు. అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి, హన్మకొండ చౌరస్తాలో అంత వేడెక్కవు. కొత్త ప్యాడ్లు వేశాక వాటిని డిస్కుకి అలవాటు చేయాలి. తెల్లవారుజామున వెనకా ముందూ ఎవరూ లేని రోడ్డు చూసుకుని, 60 నుంచి 15 దాకా ఒక మోస్తరు బ్రేకుతో ఎనిమిది పది సార్లు తగ్గించండి. పూర్తిగా ఆపవద్దు. వేడి డిస్కు మీద ప్యాడ్ ఒకేచోట నిలిస్తే అక్కడ మచ్చ పడి తర్వాత పెడల్ అదురుతుంది. అయ్యాక పది నిమిషాలు బ్రేకు పెద్దగా ముట్టుకోకుండా నడిపి చల్లారనివ్వండి.

చక్రాలు తీసిన ప్రతిసారీ బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించండి. నా బండికి 120 న్యూటన్ మీటర్లు. మీది మాన్యువల్‌లో ఉంటుంది. షెడ్‌లో మాకు ఇది మొదటి రోజు నేర్పే సంగతి. గాలి గన్‌తో టకటకా బిగిస్తే ఒకటి వదులు, ఒకటి మరీ బిగువు. ఐదు బోల్టుల్ని చుట్టూ వరసగా కాకుండా నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా బిగించాలి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూడాలి.

సస్పెన్షన్: నేను చేసిన తప్పు

కంపెనీ లెక్కలో ఖాళీ బండికి గ్రౌండ్ క్లియరెన్స్ 179 మిల్లీమీటర్లు. ఫొటోల్లో కిందికి దిగిన కార్లు చూసి నాకూ ఆశ పుట్టింది. హైదరాబాద్‌లో ఒక షాపులో 30 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు వేయించాను. ఖాళీ రోడ్డు మీద మలుపులో బండి ఒరగడం తగ్గింది, అది నిజం. నాకు చాలా నచ్చింది కూడా.

పదిహేను రోజులకి బాపు, అవ్వ, ఇద్దరు పిల్లలతో పాలంపేట రామప్ప గుడికి బయలుదేరాం. ములుగు దాటాక ఒక పల్లెలో ఊరివాళ్ళే పోసుకున్న స్పీడ్ బ్రేకర్, ఎత్తుగా, నిటారుగా ఉంది. ముందు చక్రాలు దిగాయి, ఆ వెంటనే నడుమ కింద గర్ర్‌మని గీకింది. బాపు అన్న మాట ఇంకా చెవుల్లో ఉంది. "ఏంది బిడ్డా, మంచిగున్న బండిని గిట్ల ఎందుకు చేసినవ్?" కిలోమీటర్ పోయేసరికి ఆయిల్ లైట్ వెలిగింది. వెంటనే ఇంజిన్ ఆపేశాను. సంపు పగిలింది. ఎండలో ఆ ముసలివాళ్ళని రెండు గంటలు చెట్టు కింద కూర్చోబెట్టాను.

మనుషులు ఎక్కితే బండి మామూలుగానే కిందికి దిగుతుంది, దానికి తోడు ఈ 30. ఇంట్లో కొలవకుండా షాపుకి వెళ్ళడం నా తప్పు. మీరు అలా చేయకండి. ఇంట్లో వాళ్ళందరినీ ఎక్కించి, డిక్కీలో సామాను పెట్టి, చదును నేల మీద ముందు బంపర్ అంచు, సంపు, నడిమి భాగం, మూడింటి ఎత్తు టేపుతో కొలవండి. అందులోంచి స్ప్రింగు దించే కొలత తీసేయండి. మీరు వారం వారం పోయే దారిలో అన్నిటికన్నా ఎత్తైన స్పీడ్ బ్రేకర్‌తో ఆ అంకెని పోల్చండి. నా మటుకు నేను పాత స్ప్రింగులు మళ్ళీ వేయించి, ఇంజిన్ కింద లోహపు గార్డు బిగించాను. పాత భాగాలు అమ్మకుండా అటక మీద పెట్టడం ఒక్కటే ఆ వ్యవహారంలో నేను చేసిన మంచి పని. ఏది విప్పినా పారేయకండి.

ఇంజిన్ దగ్గరికి వస్తే

నేను ఇంకా రీమ్యాప్ చేయించలేదు. కరీంనగర్‌లో ఉన్న స్నేహితుడిది ఇదే కారు, అతను చేయించాడు. టర్బో గాలి ఒత్తిడి, స్పార్క్ వచ్చే క్షణం, పెట్రోల్ మోతాదు, ఈ మూడింటినీ ఈసీయూలో, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో మార్చడమే రీమ్యాప్. ఇద్దరం ఇంజిన్ లెక్కలు ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పెట్టి మే మధ్యాహ్నం ఒకసారి, డిసెంబర్ పొద్దున ఒకసారి అదే రోడ్డు మీద నడిపాం. డిసెంబర్‌లో అతని బండి నా బండిని సునాయాసంగా దాటేసింది. మే నెలలో ఆ తేడా చాలా తగ్గింది. వేడి గాలి పలచగా ఉంటుంది, నాకింగ్ (ఇంధనం వేళ తప్పి తనంతట తానే అంటుకోవడం) రాకుండా ఈసీయూ స్పార్క్‌ని వెనక్కి జరుపుతుంది. రామగుండం వైపు 44, 45 డిగ్రీల ఎండలో షాపువాళ్ళు డైనో (పవర్ కొలిచే మెషీన్) కాగితం మీద చూపించిన అంకె మీకు దొరకదు. చేయించుకునేవాళ్ళు రీమ్యాప్ చేసే ట్యూనర్‌ని ముందు అడగాల్సింది ఇదే: "ఎండాకాలానికి మార్జిన్ ఎంత ఉంచారు? ఏ పెట్రోల్‌కి రాశారు?" నాకింగ్‌ని ఎక్కువ తట్టుకునే 95 ఆక్టేన్ పెట్రోల్‌కి రాయించుకుంటే అది దొరికే బంకులు మీ దారిలో ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే చూసుకోండి.

క్లచ్ సంగతి కూడా ఉంది. ఐదో గేర్‌లో 2000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ నిండా నొక్కినప్పుడు స్పీడ్ పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు ఒక్కటే పైకి పోతే క్లచ్ జారుతోంది. ఆ స్థితిలో రీమ్యాప్ చేయిస్తే వారంలో కాలిన వాసన వస్తుంది. వారంటీ ఉన్న బండి అయితే ఇంకా ఆలోచించండి. ఈసీయూ ఎన్నిసార్లు తిరగరాశారో సర్వీస్ సెంటర్ స్కానర్‌కి తెలిసే అవకాశం ఉంది.

రీమ్యాప్ ఉన్నా లేకున్నా ఒక అలవాటు మానండి. ఆరో గేర్‌లో 1300 దగ్గర బండి ఈడుస్తుంటే, గేర్ దించకుండా యాక్సిలరేటర్ నేలకి తొక్కడం. చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లలో స్పార్క్ రాకముందే ఇంధనం అంటుకుని పిస్టన్ పగిలేది అలాంటప్పుడే. గేర్ దించండి, మాన్యువల్ కొన్నది అందుకే కదా. ఇంజిన్ ఆయిల్‌కి కంపెనీ గడువు 15,000 కిలోమీటర్లు లేదా ఏడాది. మన దుమ్ముకి, వేడికి నేను 7,500కే మారుస్తున్నాను, మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ ఆయిల్‌తోనే.

చట్టం సంగతి తెలిసి చేయండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. సుప్రీం కోర్టు 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. ఒక్కో మార్పుకి 5,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా చట్టంలో ఉన్నాయి. అద్దాలకి వేసే నల్ల ఫిల్మ్‌ని 2012లోనే కోర్టు నిషేధించింది. రంగు మార్చాలంటే ముందు ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళాలి. చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి అడ్డం వస్తుంది. ఇక పెద్ద చప్పుడు చేసే ఎగ్జాస్ట్ నాకు వద్దు. మా వీధిలో పరీక్షలకి చదివే పిల్లలున్నారు.

వాన మొదలయ్యే ముందు

షెడ్‌లో ప్రతి లోకోకి లాగ్ ఉన్నట్టే నా కారుకీ ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ ఉంది. తేదీ, కిలోమీటర్లు, ఏం విప్పాను, ఏం వేశాను, ఏ టార్క్‌తో బిగించాను, అన్నీ అందులో ఉంటాయి. అందులో జూన్ పేజీ ప్రతి ఏడాదీ ఒకేలా ఉంటుంది: వైపర్లు, అద్దం కింద ఆకులు పేరుకునే కాలువ, టైరు గాడుల లోతు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత, గాలి పీల్చే గొట్టం నోరు ఎక్కడుంది.

చివరిది మరీ ముఖ్యం. చల్లటి గాలి కోసమని ఆ గొట్టం నోటిని బంపర్ కిందికి దించే కిట్లు దొరుకుతాయి. 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగి హన్మకొండ కాలనీలు మునిగినప్పుడు నాకు తెలిసిన ఒకాయన అలాంటి కిట్ ఉన్న బండితో మోకాలి లోతు నీళ్ళలోకి దిగారు. ఇంజిన్ నీళ్ళు తాగి ఆగింది. ఆయన కంగారులో మూడుసార్లు స్టార్ట్ కొట్టారు. నీళ్ళు గాలిలా నలగవు కదా, కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది.

నీళ్ళు చక్రంలో సగం ఎత్తు దాటితే దిగకండి, తిరిగి వెళ్ళండి. దిగాక మధ్యలో బండి ఆగిపోతే స్టార్ట్ బటన్ ముట్టుకోకండి. న్యూట్రల్‌లో పెట్టి మనుషులతో ఒడ్డుకి తోయించండి. ఎయిర్ ఫిల్టర్ తీసి చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే మెకానిక్‌ని పిలిచి స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పించి, సిలిండర్లలో నీళ్ళు బయటికి పోయేదాకా బండిని అక్కడే ఉంచండి.